వృద్ధుల సంజ్ఞానాత్మక పరీక్షలు: తెలుగు నుడి, చదువు, కుటుంబ సాక్ష్యం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

వయసు పైబడినవారి జ్ఞాపకశక్తిని, ఆలోచనాశక్తిని కొద్ది నిమిషాలలో అంచనా వేయడానికి వాడుతున్న ప్రాథమిక పరీక్షలలో ప్రసిద్ధమైనవి ఆంగ్లంలో, బడి చదువు సర్వసాధారణమైన సమాజాలలో రూపొందాయి. అవి తెలుగు వృద్ధులను పరీక్షించేటప్పుడు మెదడు పనితీరుతో పాటు బడి చదువును, మాండలికాన్ని, కుటుంబంలోని స్థానాన్ని కూడా కొలుస్తాయి. ఈ పరీక్షలను వైద్య సాధనాలుగానే గాక భాషా పాఠాలుగా కూడా చదవవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరీక్ష ప్రశ్నల నిర్మాణాన్ని, తెలుగులోకి వచ్చినప్పుడు వాటికి ఎదురయ్యే చిక్కులను, కుటుంబసభ్యుల సాక్ష్యంపై ఆధారపడే ప్రశ్నావళులను, సంరక్షకుల భారాన్ని కొలిచే సాధనాన్ని విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వృద్ధాప్యం, డిమెన్షియా, సంజ్ఞానాత్మక పరీక్షలు, అనువాదం, మాండలికం, అక్షరాస్యత, సంరక్షకులు.

1. ఉపోద్ఘాతం:

వృద్ధాప్యంలో మరపు సహజమని తెలుగు సమాజం చాలాకాలంగా భావిస్తోంది. చెప్పిన మాటే మళ్లీ చెబితే ‘చాదస్తం’ అనడం, పెట్టిన వస్తువు కనబడకపోతే ‘మతిమరుపు’ అనడం, పెద్దవారు మొండికేస్తే ‘ముసలితనం రెండో పసితనం’ అని సరిపెట్టుకోవడం వాడుకలో ఉన్నవే. ఈ సరిపెట్టుకోవడంలో ఆదరణ ఉంది, ప్రమాదమూ ఉంది. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, కుంగుబాటు, కొన్ని మందుల దుష్ఫలితం వంటి చికిత్సకు లొంగే కారణాల వల్ల వచ్చిన మరపు కూడా చాదస్తం అనే మాట చాటున ఉండిపోతుంది. అల్జైమర్స్ వంటి వ్యాధి ముదిరేదాకా ఇంట్లో ఎవరూ గుర్తించని సందర్భాలు ఇందువల్లనే ఏర్పడుతున్నాయి.

భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో జీవిస్తున్నారని లాసీ-డాడ్ సర్వే ఆధారంగా 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఇంత పెద్ద సంఖ్యలో ఉన్నవారిని నిపుణులైన నరాల వైద్యులు ఒక్కొక్కరినీ గంటల తరబడి పరీక్షించడం సాధ్యం కాదు. అందువల్ల పది పదిహేను నిమిషాలలో ముగిసే ప్రాథమిక పరీక్ష అవసరమన్న విషయంలో వివాదం లేదు. ఆ పరీక్ష ఏ భాషలో, ఏ మాటలతో, ఎవరు ఎవరిని అడుగుతున్నారన్నది మాత్రం వైద్యులకే వదిలేయదగిన విషయం కాదు. ఒక మార్కు తేడా వల్ల ఒక వృద్ధురాలు తన డబ్బును, తన ఇంటిని, తన మాటను నమ్ముకునే అర్హత కోల్పోయినట్లు బంధువులు భావించే అవకాశం ఉంది. ఆ మార్కు ఆమె మరపు వల్ల పోయిందా, ప్రశ్న అర్థం కాకపోవడం వల్ల పోయిందా అన్నది భాషాశాస్త్రం కూడా జవాబు చెప్పవలసిన ప్రశ్న.

2. పరీక్షల స్వరూపం:

ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ ప్రచారం పొందినది మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్. మార్షల్ ఫోల్‌స్టీన్, సూజన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ 1975లో దీనిని ప్రకటించారు. మొత్తం మార్కులు 30. అందులో 10 మార్కులు కాలం, స్థలం తెలిసి ఉండటానికి కేటాయించారు. మూడు మాటలు విని చెప్పడం, కాసేపటి తర్వాత వాటిని గుర్తు చేసుకోవడం, వందలోంచి ఏడు చొప్పున తీసివేయడం లేదా ఒక ఆంగ్ల పదం స్పెల్లింగును వెనుకనుంచి చెప్పడం, వస్తువుల పేర్లు చెప్పడం, ఒక పలుకుబడిని తిరిగి పలకడం, మూడంచెల ఆదేశాన్ని పాటించడం, రాసి ఉన్న ఆదేశాన్ని చదివి పాటించడం, ఒక వాక్యం రాయడం, ఒకదానిపై ఒకటి పడిన రెండు పంచభుజులను చూసి గీయడం మిగిలిన అంశాలు. 24 కంటే తక్కువ మార్కులు వస్తే సంజ్ఞానాత్మక లోపం ఉండవచ్చునని భావించడం ఆనవాయితీ అయింది.

జియాద్ నస్రెద్దీన్ బృందం 2005లో ప్రకటించిన మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్ లేదా ‘మోకా’ ఇంకా సూక్ష్మమైన లోపాలను పట్టుకోవడానికి ఉద్దేశించినది. దీనికీ 30 మార్కులే. 26, ఆపైన వస్తే సాధారణ స్థితిగా లెక్కిస్తారు. గడియారం గీయడం, ఘనాన్ని చూసి గీయడం, అంకెలనూ అక్షరాలనూ ఒకటి విడిచి ఒకటిగా కలుపుకుంటూ పోవడం, ఒకే అక్షరంతో మొదలయ్యే పదాలు నిమిషంలో వీలైనన్ని చెప్పడం ఇందులో ఉన్నాయి.

ఈ అంశాలలో చాలావరకు బడిలో కూర్చున్న అనుభవాన్ని ముందే ఊహించుకున్నవి. పెన్సిల్ పట్టడం, కాగితం మీద ఆకారం చూసి గీయడం, అప్పగించిన పని ఎందుకో అడగకుండా చేయడం, మార్కుల కోసం జవాబు చెప్పడం బడి నేర్పే అలవాట్లు.

3. చదువు – గీటురాయి:

చదువుకూ మార్కులకూ ఉన్న సంబంధం ఊహ కాదు. అమెరికాలో 18,056 మంది వయోజనుల ఫలితాలతో క్రమ్ బృందం 1993లో ప్రచురించిన విశ్లేషణలో, తొమ్మిదేళ్లు లేదా అంతకుమించి చదివినవారి మధ్యగత స్కోరు 29, ఐదు నుంచి ఎనిమిదేళ్లు చదివినవారిది 26, నాలుగేళ్లు లేదా అంతకంటే తక్కువ చదివినవారిది 22. మధ్యగతం 22 అంటే ఆ వర్గంలో కనీసం సగం మంది 24 అనే గీటుకు దిగువన ఉన్నారని అర్థం. వారందరికీ వ్యాధి ఉందనడం అసంభవం. గీటే వారికి తగినది కాదు.

తెలుగు నేలకు ఈ విషయాన్ని అన్వయిస్తే పరిస్థితి మరింత స్పష్టమవుతుంది. 1961 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత సుమారు 21 శాతం మాత్రమే. స్త్రీలలో అది ఇంకా తక్కువ. నేడు డెబ్భై ఏళ్లు దాటినవారు ఆ కాలపు పిల్లలు. వారిలో పెద్దభాగం, ముఖ్యంగా గ్రామీణ స్త్రీలు, బడి ముఖం చూడకుండానే కుటుంబాన్ని, సేద్యాన్ని, పాడిని, చిన్న వ్యాపారాలను నడిపినవారు.

మోకాలో పన్నెండేళ్లు లేదా అంతకంటే తక్కువ చదివినవారికి ఒక మార్కు అదనంగా కలిపే ఏర్పాటు ఉంది. ఇంటర్ చదివిన వ్యక్తికీ, పలక పట్టని వ్యక్తికీ అదే ఒక్క మార్కు. అక్షరజ్ఞానం లేకపోవడం అనే విస్తృతమైన జీవితానుభవాన్ని ఒక మార్కుతో సరిచేయవచ్చునన్న భావన ఎంత పలుచనిదో దీనివల్ల అవగతమవుతుంది. తక్కువ చదువుకున్నవారి కోసం ‘మోకా బేసిక్’ అనే వేరొక రూపాన్ని తరువాత తయారుచేయవలసి రావడమే ఇందుకు నిదర్శనం.

చదువు ఎదురువైపు నుంచి కూడా తప్పుదారి పట్టిస్తుంది. జీవితమంతా పాఠాలు చెప్పిన విశ్రాంత అధ్యాపకుడు వ్యాధి తొలిదశలో కూడా 28 మార్కులు తెచ్చుకోగలడు. తెలిసిన దారిలో ఇంటికి రాలేకపోతున్నాడని భార్య చెప్పే మాట ఆ 28 ముందు తేలిపోతుంది. అంటే ఒకే గీటు చదువులేని ఆరోగ్యవంతురాలిని రోగిగా, చదువుకున్న రోగిని ఆరోగ్యవంతుడిగా చూపగలదు.

దీనికి తోడు గణితపరమైన పరిమితి ఒకటి ఉంది. ఉదాహరణకు ఒక పరీక్ష వ్యాధి ఉన్నవారిలో 85 శాతాన్ని, లేనివారిలోనూ 85 శాతాన్ని సరిగా గుర్తిస్తుందనుకుందాం. వెయ్యిమంది వృద్ధులలో 74 మందికి వ్యాధి ఉంటే అందులో 63 మందిని పట్టుకుంటుంది. వ్యాధి లేని 926 మందిలో 139 మందికి కూడా ఉందని చెబుతుంది. అనుమానితులుగా తేలిన 202 మందిలో నిజంగా వ్యాధి ఉన్నవారు మూడోవంతు కూడా ఉండరు. ప్రాథమిక పరీక్ష తదుపరి పరీక్షలకు దారి చూపేదే తప్ప రోగనిర్ధారణ కాదని వైద్యశాస్త్రం చెప్పడంలోని అంతరార్థం ఇదే. ఇళ్లలో ఆ స్కోరును తీర్పుగా చదవడం వల్లనే అనర్థం కలుగుతోంది.

4. తెలుగులోకి వచ్చినప్పుడు:

4.1 కాలం, స్థలం:

‘ఇది ఏ నెల? ఏ తేదీ? ఏ ఋతువు?’ అన్న ప్రశ్నలకు ఆంగ్ల సమాజంలో ఒకే లెక్క ఉంది. తెలుగువారికి ఒకటికి మించి లెక్కలున్నాయి. జీతం, పింఛను ఇంగ్లీషు నెలల్లో వస్తాయి. పండుగలు, వ్రతాలు, తద్దినాలు తిథులలో, చాంద్రమాన మాసాలలో నడుస్తాయి. సేద్యం కార్తెలలో సాగుతుంది. తేదీ అడిగితే తడబడి, ‘ఆషాఢం, మొన్ననే ఏకాదశి వెళ్లింది’ అన్న వృద్ధురాలు కాలాన్ని మరచిపోలేదు; పరీక్ష అడగని పంచాంగంలో జవాబు చెప్పింది. మృగశిర కార్తె వచ్చిందన్న రైతు జవాబులో నెలతో పాటు వాన రాకపై అంచనా కూడా ఉంది. ఋతువు అడిగితే పుస్తకాలలో ఆరు, వ్యవహారంలో ఎండాకాలం, వానాకాలం, చలికాలం అనే మూడు. మార్కులు వేసేవారికి ఈ సమానార్థకాల పట్టిక అందకపోతే సరైన జవాబు తప్పుగా నమోదవుతుంది.

స్థలం విషయం మరింత ఆసక్తికరం. తెలంగాణలో 2014 నాటికి పది జిల్లాలు ఉండగా 2016లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఎనభై ఏళ్ల వ్యక్తి తనది కరీంనగర్ జిల్లా అనో, తూర్పు గోదావరి జిల్లా అనో చెబితే అది మరపా, లేక జీవితమంతా చిరునామాగా రాసుకున్న పేరును పట్టుకోవడమా? రాష్ట్రం పేరు కూడా ఒక తరం కళ్లముందే మారింది. పరిపాలనా విభజన జరిగిన వేగాన్ని వృద్ధుల మెదడుకు లోపంగా అంటగట్టడం సమంజసం కాదు. అయితే పాత పేరు చెప్పినవారందరినీ సరే అని వదిలేయడం కూడా పరిష్కారం కాదు. కొత్త జిల్లా పేరు ఎన్నడూ వినలేదా, విని మరచారా అని తెలుసుకునే అనుబంధ ప్రశ్న ఉండాలి.

4.2 అక్షరం:

ఆంగ్లంలో ఒక అక్షరంతో మొదలయ్యే పదాలు చెప్పమంటే సందేహం తక్కువ. తెలుగు లిపి గుణింతాలతో కూడినది. ‘క’తో పదాలు చెప్పమన్నప్పుడు ‘కాకి’, ‘కిటికీ’, ‘కోడి’ లెక్కలోకి వస్తాయా? అంత్యాక్షరి ఆడేవారు సైతం ఈ నియమాన్ని ముందే తేల్చుకుని మొదలుపెడతారు. పరీక్షలో నియమం స్పష్టంగా లేకపోతే, ఒకచోట పరీక్షకుడు గుణింతాలను అనుమతించి, మరొకచోట నిరాకరించి, ఒకే శక్తి ఉన్న ఇద్దరికి వేర్వేరు మార్కులు వేసే అవకాశం ఉంది. ఆంగ్లంలో నిర్ణయించిన పదకొండు పదాల గీటును తెలుగుకు యథాతథంగా బదిలీ చేయడానికి ఆధారమేమిటన్నది మరొక ప్రశ్న.

పదాన్ని వెనుకనుంచి చెప్పడంలోనూ ఇదే చిక్కు. ‘వికటకవి’ రెండు వైపుల నుంచీ ఒకేలా ఉందని తెలుగువారు అనుకునేది అక్షరాలను ప్రమాణంగా తీసుకోవడం వల్లనే. విడివిడి ధ్వనులుగా విడదీస్తే ఆ సామ్యం నిలవదు. కాబట్టి ఆంగ్లపు స్పెల్లింగు ప్రశ్నకు తెలుగు సమానం వర్ణాలతో కాక అక్షరాలతో ఏర్పడాలి. సంయుక్తాక్షరాలున్న పదం ఎంచుకుంటే కష్టం పెరుగుతుంది, ద్విత్వాలు లేని తేలికపదం ఎంచుకుంటే తగ్గుతుంది. పదం ఎంపికే మార్కును నిర్ణయిస్తుంది.

చదువులేనివారి విషయంలో ఇంకొక అంశం గమనార్హం. పోర్చుగల్‌లో జోసె మొరాయిష్ బృందం 1979లో ప్రచురించిన అధ్యయనం, మాటను విడి ధ్వనులుగా విడగొట్టే ఎరుక దానంతటది రాదనీ, వర్ణమాల నేర్చుకోవడంతో వస్తుందనీ చూపింది. అలాంటప్పుడు అక్షరంపై ఆధారపడిన ఏ అంశమైనా నిరక్షరాస్యులలో మెదడు శక్తికి బదులు బడి లేమిని కొలుస్తుంది. జంతువుల పేర్లు, కూరగాయల పేర్లు నిమిషంలో ఎన్ని చెప్పగలరో అడిగే వర్గ ప్రశ్న ఈ దోషం నుంచి చాలావరకు తప్పించుకుంటుంది.

4.3 తిరిగి పలికే వాక్యం:

మినీ మెంటల్ పరీక్షలో తిరిగి పలకవలసిన ఆంగ్ల పలుకుబడి షరతును, సముచ్చయాన్ని, వైరుధ్యాన్ని సూచించే చిన్న పదాలతో అల్లినది. అర్థబలం తక్కువ, వ్యాకరణబలం ఎక్కువ. విన్నది విన్నట్లు పలకగలరా అని చూడటం దాని ఉద్దేశం. తెలుగులో ఈ పనులు చాలావరకు విడి పదాలు చేయవు. షరతు క్రియకు చేరే ‘తే’ ప్రత్యయంతో, సముచ్చయం ‘అమ్మా నాన్నా’ అన్నట్లు చివరి అచ్చు దీర్ఘంతో ఏర్పడతాయి. కనుక మాటకు మాట అనువాదం తెలుగు కాని తెలుగును పుట్టిస్తుంది. దానికి బదులు సామెతను పెడితే అది అందరికీ నోట ఉన్నదే అయి, వినకుండానే పూర్తిచేయగలిగేది అవుతుంది. కొత్తది, చిన్నది, వ్యాకరణపరంగా సంక్లిష్టమైనది, ఏ ప్రాంతం వారికైనా సహజంగా వినిపించేది అయిన వాక్యం కావాలి. అటువంటి వాక్యాన్ని నిర్మించడం తెలుగు వ్యాకరణం, మాండలిక శాస్త్రం తెలిసినవారి పని.

4.4 మాండలికం, వ్యవహారం:

గుర్తుపెట్టుకోమని ‘సొరకాయ’ అని చెబితే ఐదు నిమిషాల తర్వాత వృద్ధుడు ‘ఆనపకాయ’ అనవచ్చు. అర్థం నిలిచింది, మాట తన ఇంటి మాటగా మారింది. వారాల పేర్లను వెనుకనుంచి చెప్పమంటే గురువారం స్థానంలో ఒకరు బేస్తవారం, మరొకరు లక్ష్మివారం అంటారు. ఖడ్గమృగం బొమ్మను చూసి ‘ముక్కు మీద కొమ్మున్న జంతువు’ అన్నవారు ఆ జంతువును గుర్తించారు. పుస్తకం పేరు మాత్రం వారికి లేదు. ఆదేశాల భాషలోనూ ఇదే దూరం ఉంది. ‘పునరుచ్చరించండి’ అన్నది పరీక్షపత్రం భాష. ‘నేను చెప్పింది మళ్లీ చెప్పండి’ అన్నది మనుషుల భాష.

ముగ్గుల ఉదాహరణ ఇక్కడ ప్రస్తావించదగినది. ఇరవై చుక్కల మెలిక ముగ్గును తడబాటు లేకుండా వేసే స్త్రీ కాగితంపై పంచభుజులను గీయలేకపోవచ్చు. అలాగని ముగ్గును పరీక్షగా పెట్టడం సరిపోదు. ముగ్గు ఏళ్ల తరబడి చేతికి అలవాటైన విద్య. పంచభుజులు అప్పుడే చూసిన కొత్త ఆకారం. అలవాటైన పనిని, కొత్త పనిని వేరుగా చూడకపోతే స్థానికత పేరుతో పరీక్ష మరో దిశలో తప్పుతుంది.

5. అడిగేవారు – చెప్పేవారు:

పరీక్ష ఒక సంభాషణ. తెలుగులో ఏ సంభాషణకైనా వరస, వయసు, మర్యాద పునాది. ముప్పై ఏళ్ల వైద్యుడు డెబ్భై ఐదేళ్ల పెద్దాయనను ‘ఇది ఏ సంవత్సరం?’ అని అడిగినప్పుడు ఆ ప్రశ్న సమాచారం కోసం కాదని ఇద్దరికీ తెలుసు. పెద్దాయనకు అది తనను తక్కువ చేయడంగా తోచవచ్చు. ‘నాకు తెలియదా ఏమిటి’ అని తోసిపుచ్చడం, నవ్వేయడం, ‘మీకు తెలీదా డాక్టరుగారూ’ అని ఎదురు ప్రశ్నించడం లోపాన్ని కప్పిపుచ్చుకునే ప్రయత్నం కావచ్చు, ఆత్మగౌరవమూ కావచ్చు. ఇంట్లో కొడుకో కూతురో ఫోన్‌లో ప్రశ్నలు చూసి అడిగితే వరస తలకిందులవుతుంది. ఎక్కాలు అప్పజెప్పించుకున్న తండ్రి ఇప్పుడు అప్పజెప్పవలసి వస్తుంది.

జవాబు కోసం పక్కనున్నవారి వైపు తల తిప్పడాన్ని వైద్యులు ఒక లక్షణంగా గుర్తిస్తారు. అది చాలా సందర్భాలలో ఉపయోగకరమైన సూచన. అయితే ఆసుపత్రిలో మగవారే మాట్లాడటం ఆనవాయితీ అయిన ఇంటి నుంచి వచ్చిన వృద్ధురాలు భర్త వైపో కొడుకు వైపో చూడటం మరపు వల్లనా, అలవాటు వల్లనా అన్నది విడదీయాలి. ఆమెతో ఒంటరిగా, ఆమె యాసలో, ‘అమ్మా’ అనో ‘పెద్దమ్మా’ అనో పిలిచి రెండు మాటలు మాట్లాడిన తరువాత మొదలుపెట్టే పరీక్ష వేరే ఫలితం ఇవ్వగలదు. చెవుడు, కంటిశుక్లం, పళ్లసెట్టు లేకపోవడం వంటి మామూలు అడ్డంకులను ముందే చూసుకోవడం కూడా ఈ మర్యాదలో భాగమే.

6. కుటుంబ సాక్ష్యం:

ప్రశ్న–జవాబు పరీక్షల పరిమితిని గుర్తించి దగ్గరివారిని అడిగే ప్రశ్నావళులు వచ్చాయి. ఆస్ట్రేలియాలో ఆంథొనీ జోర్మ్, ప్యాట్రిషియా జాకంబ్ 1989లో ప్రకటించిన ప్రశ్నావళిలో 26 అంశాలున్నాయి. 1994లో 16 అంశాల సంక్షిప్తరూపం వచ్చింది. పదేళ్ల క్రితంతో పోలిస్తే ఇప్పుడు ఎలా ఉన్నారన్నది దాని కీలకం. వ్యక్తిని మరొకరితో గాక తనతోనే పోల్చడం వల్ల చదువు ప్రభావం తగ్గుతుంది. తెలుగు సమాజానికి ఈ పద్ధతి ప్రశ్న–జవాబు పరీక్షల కంటే దగ్గరగా ఉంది. అయినా ఇందులోనూ మూడు చిక్కులున్నాయి.

మొదటిది, సాక్షి ఎవరన్నది. పదేళ్లుగా రోజూ చూస్తున్నవారు కావాలి. పెళ్లయి మూడేళ్లయిన కోడలు ఇంట్లో రోజంతా ఉంటుంది కానీ పదేళ్ల కిందటి అత్తగారిని ఎరుగదు. పదేళ్ల కిందటి తల్లిని ఎరిగిన కొడుకు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి వారానికొకసారి వీడియో కాల్‌లో చూస్తాడు. ‘బాగున్నారా, తిన్నారా, పిల్లలెలా ఉన్నారు’ వంటి అలవాటైన మాటలు వ్యాధి తొలిదశలలో చెక్కుచెదరవు. పది నిమిషాల కాల్‌లో తల్లి ఎప్పటిలాగే ఉంటుంది. ‘అమ్మకేమీ కాలేదు’ అన్న కొడుకు మాట, ‘స్టవ్ ఆపడం మరచిపోతున్నారు’ అన్న కోడలి మాట రెండూ నిజాయితీగలవే కావచ్చు. ఏ మాటకు బరువు ఇవ్వాలన్నది కుటుంబంలో అధికారం ఎవరిదో దాన్ని బట్టి తేలకూడదు.

రెండవది, ప్రశ్న ఏ పనిని గురించి అన్నది. బ్యాంకు వ్యవహారాలు, కొత్త యంత్రాలు నేర్చుకోవడం గురించిన ప్రశ్నలు ఆ పనులు ఎన్నడూ చేయని స్త్రీకి వర్తించవు. ఉమ్మడి ఇంట్లో పెద్దవారి పనులను పిల్లలు గౌరవంగానే అందిపుచ్చుకుంటారు. వంట, లెక్క, సంత అన్నీ ఒక్కొక్కటిగా చేతులు మారాక లోపం బయటపడే సందర్భమే ఉండదు. ఆదరణే వ్యాధికి ముసుగవుతుంది. ఉత్తర భారత గ్రామీణ నిరక్షరాస్య వృద్ధుల కోసం 1999లో ప్రచురితమైన దైనందిన శక్తుల మాపనిని ఈ దృష్టితోనే రూపొందించారు.

మూడవది, సాక్షి ప్రయోజనం. ఆస్తి పంపకం, ఎవరి దగ్గర ఉండాలన్న వివాదం నడుస్తున్న ఇంట్లో ‘మతి తప్పింది’ అన్నా ‘మతి బాగానే ఉంది’ అన్నా దానికి విలువ కట్టవచ్చు. సాధ్యమైనచోట ఇద్దరు సాక్షులను విడివిడిగా అడగడం, అభిప్రాయానికి బదులు జరిగిన సంఘటనను అడగడం ఇందుకు విరుగుడు.

వ్యాధి పేరు కూడా ఈ సాక్ష్యాన్ని ప్రభావితం చేస్తుంది. డిమెన్షియాకు వాడే ‘చిత్తవైకల్యం’ అన్న పదంలో పిచ్చి అనే ధ్వని ఉంది. ‘మతిమరుపు వ్యాధి’ అన్న మాట, దారి తప్పడం, మాట దొరకకపోవడం, స్వభావం మారడం వంటి లక్షణాలను కనబడనీయదు. మొదటి పదం విని కుటుంబం దాచుకుంటుంది, రెండవది విని తేలికగా తీసుకుంటుంది. రెంటికీ మధ్య ఒక తెలుగు పదం ఇంకా స్థిరపడవలసి ఉంది.

7. సంరక్షకుల ‘భారం’:

వృద్ధులను చూసుకునేవారి స్థితిని అంచనా వేయడానికి స్టీవెన్ జారిట్ బృందం 1980లో 29 అంశాలతో తయారుచేసిన ప్రశ్నావళి, తరువాత 22 అంశాల రూపంలో ప్రసిద్ధమైంది. ప్రతి అంశానికి సున్నా నుంచి నాలుగు వరకు, మొత్తం 88 మార్కులు. దాని పేరులోనే భారం అన్న భావన ఉంది.

తెలుగులో ‘అమ్మ మీకు భారంగా ఉందా?’ అన్నది ప్రశ్న కంటే అభియోగంగా వినిపిస్తుంది. తల్లిదండ్రుల ఋణం తీర్చుకోవడం అన్న భావన బలంగా ఉన్నచోట ‘అస్సలు లేదు’ అన్నదే మర్యాదైన జవాబు. భర్త ముందు, ఆడపడుచు ముందు కోడలు మరో జవాబు చెప్పగలదా? రాత్రి నాలుగుసార్లు లేచి, పగలు నిద్రలేక, ఉద్యోగం మానేసిన మనిషి సున్నా మార్కుతో బయటపడవచ్చు. ఆ సున్నాను భారం లేకపోవడంగా చదివితే ఆమెకు అందవలసిన సాయం అందదు. ‘సంరక్షకులు’ అన్న మాట కూడా చాలామంది తమకు వర్తించుకోరు. ఆ ఇళ్లలో వాడే మాట ‘చూసుకోవడం’ మాత్రమే. చూసుకునేవారు తమకంటూ ఒక పేరు లేనివారు కాబట్టే వారి అలసటకూ పేరు లేదు.

భావాన్ని అడగడం కంటే వాస్తవాన్ని అడగడం తెలుగు ఇళ్లలో మేలైన మార్గం. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, చివరిసారి పుట్టింటికి ఎప్పుడు వెళ్లారు, మీకు జ్వరం వస్తే పెద్దవారిని ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలకు మర్యాద అడ్డురాదు. వాటి జవాబులలోనే భారం తెలిసిపోతుంది.

8. భారతీయ ప్రయత్నాలు:

ఈ విమర్శ కొత్తగా మొదలవుతున్నది కాదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామీణ ప్రాంతం కోసం గంగూలీ బృందం 1995లో ప్రకటించిన హిందీ రూపంలో, రాసి ఉన్న ఆదేశాన్ని చదివే అంశానికి బదులు పరీక్షకుడు చేసినట్లు చేయడం, వాక్యం రాయడానికి బదులు ఇంటిని గురించి ఒక వాక్యం చెప్పడం వచ్చాయి. అనువాదం మాటల మార్పుతో ఆగకూడదనీ, పనినే మార్చాలనీ అది చూపింది.

హైదరాబాద్ ఈ రంగంలో ముఖ్యమైన కేంద్రం. నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థ జ్ఞాపకశక్తి క్లినిక్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లేదా అంతకుమించిన భాషలు మాట్లాడేవారిలో వ్యాధి నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. చదువులేనివారిలోనూ ఈ తేడా కనిపించింది. బడికి వెళ్లకపోయినా తెలుగు, ఉర్దూ మాట్లాడుతూ బజారులో బతికిన మనిషి మెదడుకు సాధన ఉందని ఇది సూచిస్తుంది. సగటు పరీక్షపత్రంలో ఆ సాధనకు మార్కు లేదు. అడెన్‌బ్రూక్స్ పరీక్ష మూడవ రూపం తెలుగుతో సహా ఏడు భాషలలోకి వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళ భాషలకు తయారైన పరీక్షల సమాహారం భాషా వైవిధ్యాన్ని, విద్యా వైవిధ్యాన్ని రెంటినీ లెక్కలోకి తీసుకోవాలన్న లక్ష్యంతో వచ్చింది.

ఈ కృషి పెద్ద ఆసుపత్రుల గోడలు దాటి ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి, ఇంటికి చేరడం మిగిలి ఉంది. అక్కడ ఇంకా వాడుతున్నది తరచుగా అప్పటికప్పుడు నోటితో చేసిన అనువాదం. ఒకే ప్రశ్నను ఒక్కొక్కరు ఒక్కో విధంగా అడిగిన పరీక్ష ఫలితాలను పోల్చడం అర్థరహితం.

9. ఉపసంహారం:

- సంజ్ఞానాత్మక పరీక్షలో వచ్చే స్కోరు వృద్ధుని మెదడుకు మాత్రమే చెందినది కాదు. ప్రశ్న భాష, అడిగినవారి తీరు, చెప్పినవారి చదువు, కుటుంబ సాక్ష్యం కలిసి దానిని నిర్మిస్తాయి.
- ఒకే గీటు చదువులేనివారికి అన్యాయం చేస్తూ, చదువుకున్నవారిలో వ్యాధిని దాచుతుంది. చదువుకు అదనపు మార్కులు కలపడం దీనికి పరిష్కారం కాదు. ప్రశ్న స్వభావమే మారాలి.
- తెలుగు రూపాలలో పంచాంగం, జిల్లాల పేర్లు, గుణింతాలు, మాండలిక పర్యాయపదాలకు సంబంధించిన మార్కుల నియమాలు రాతపూర్వకంగా ఉండాలి.
- వృద్ధులను చూసుకునేవారిని భావం అడగడం కంటే దినచర్య అడగడం, వారితో విడిగా మాట్లాడటం అవసరం.
- కోస్తా, రాయలసీమ, ఉత్తరాంధ్ర, తెలంగాణ వ్యవహారాలలో పరీక్ష ప్రశ్నల ఆమోదయోగ్యతను పరిశీలించడం విశ్వవిద్యాలయాల తెలుగు, భాషాశాస్త్ర శాఖలకు తగిన పరిశోధనాంశం.

ఈ పరిమితుల వల్ల పరీక్షలను విడిచిపెట్టాలని అర్థం కాదు. చాదస్తం అని సరిపెట్టుకున్న ఇంటికి, వైద్యుని దగ్గరకు వెళ్లడానికి కారణం చూపేవి అవే. స్కోరు తగ్గినప్పుడు కుటుంబం వేయవలసిన మొదటి ప్రశ్న ‘ఇక ఈమెకు ఏమీ తెలియదా?’ అన్నది కాదు. ఏ ప్రశ్నకు, ఏ భాషలో, ఎవరి ముందు తప్పిందన్నది. దానికి జవాబు దొరికిన తరువాతే మందుల చీటీకైనా, సంతకాల కాగితానికైనా ఆ అంకె ఆధారం కాగలదు.